పొలుసు ఎటు వాలింది

చేప కడిగినవాళ్లకు తెలుసు. తల నుంచి తోక వైపు నిమిరితే చెయ్యి నున్నగా జారిపోతుంది, తోక నుంచి తలకు తెస్తే పొలుసు గీసుకుంటుంది. ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్‌కు కాస్త దూరంలో, రేకుల షెడ్డు కింద పనిచేసే ఒక టైర్ల మేస్త్రి గారు లారీ ముందు టైరును పట్టుకునే తీరు అచ్చం అదే. అరచెయ్యి పరిచి, బటన్ మీద, అంటే రోడ్డును తాకే గట్ల మీద, అడ్డంగా ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగుతారు. ఆ సమయంలో ఆయన కళ్లు టైరు మీద ఉండవు, రోడ్డు వైపు ఉంటాయి. రెండోసారి లాగాక "ఊఁ" అంటారు. ఆయన పని చూద్దామని వెళ్లిన ఉదయాల్లో నేను మొదట నేర్చుకున్నది ఆ "ఊఁ" వచ్చేదాకా నోరు మెదపకుండా ఉండటం.

టైర్లు చదవడానికి ఇంతకన్నా మంచి బడి దొరకదు. హైదరాబాదు నుంచి మచిలీపట్నం పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే వెళుతుంది. ఎక్కడో ఉత్తరాఖండ్‌లో మొదలై ఛత్తీస్‌గఢ్ అడవుల మీదుగా దిగివచ్చే 30వ నంబరు రహదారి ఇక్కడికొచ్చి ఆగుతుంది. పక్కనే నార్ల తాతారావు గారి పేరు పెట్టిన థర్మల్ స్టేషన్. 1979లో దాని మొదటి యూనిట్ నడిచింది. అక్కడి బూడిద మోసే లారీలు, కొండపల్లి ఆయిల్ డిపోల ట్యాంకర్లు, దొనబండ, పరిటాల క్వారీల నుంచి కంకర తెచ్చే టిప్పర్లు, అన్నీ ఈ రోడ్డు మీదే. ట్యాంకరు టైరు పెద్దగా మాట్లాడదు. తిన్నని రోడ్డు మీద ఒకే తీరుగా అరుగుతుంది. టిప్పరు అలా కాదు. నిండుగా దిగుతుంది, ఖాళీగా ఎక్కుతుంది, క్రషర్ యార్డులో ఇరుకు మలుపులు తిరుగుతుంది. వెనక రెండు ఇరుసులున్న బండి ఇరుకు మలుపు తిరిగినప్పుడల్లా ఆ ఎనిమిది టైర్లూ ఎంతో కొంత పక్కకు ఈడ్చుకుపోక తప్పదు. రెండు ఇరుసులూ ఒకదానికొకటి సమాంతరంగా బిగించి ఉంటాయి కాబట్టి ఒకే వలయం మీద రెండూ హాయిగా దొర్లలేవు. ఆ ఈడుపంతా రబ్బరు మీద రాసి ఉంటుంది. చదివేవాళ్లు కావాలి.

నేను చూసినవాటిలో మనసులో నిలిచిపోయింది ఒక పది టైర్ల టిప్పరు. దాని ఓనరు కుర్రవాడే, కష్టపడి కొనుక్కున్న బండి. వెనక కమాన్ కట్టల్లో అదనంగా రెండేసి పట్టీలు వేయించి, పాత పట్టీల వంపు మళ్లీ కొట్టించి, బండి వెనక భాగాన్ని మూడు అంగుళాలు లేపించాడు. ముందు కమాన్లు ముట్టుకోలేదు. ఎందుకు లేపాడంటే అతని దగ్గర రెండు కారణాలున్నాయి. లోడు పడగానే వెనక కుంగిపోతోంది, క్వారీ ర్యాంపు మీద కింద తగులుతోంది. అదీగాక 2018 జులైలో కేంద్రం ఇరుసు బరువుల పరిమితి పెంచింది. జంట ఇరుసుకు 19 టన్నులు ఉన్నది 21 అయింది. బరువు పెరిగితే కమాను కూడా గట్టిగా ఉండాలి కదా అనుకున్నాడు. ఆ ఆలోచనను నేను తేలిగ్గా తీసేయలేను. అప్పు తీర్చాల్సిన మనిషికి అది సహజంగా తట్టే ఆలోచనే. అయితే కంపెనీ ఇచ్చిన ఎత్తు ఒక్క కమానుకు సంబంధించిన లెక్క కాదు. స్టీరింగు, ఇరుసు, రాడ్లు, బుష్‌లు అన్నీ ఆ ఎత్తును నమ్ముకునే బిగించి ఉంటాయి.

ఏడు నెలల్లో రెండు జతల ముందు టైర్లు పోయాయి. ఈలోగా వేరే చోట రెండుసార్లు అలైన్‌మెంటు చేయించాడు, ముందు చక్రాలు మలుపు తిరిగేందుకు ఇరుసు కొసల్లో ఉండే కింగ్ పిన్నులు మార్పించాడు. మూడో జత కూడా గుండు పడటం మొదలయ్యాక ఇక్కడికి తెచ్చాడు.

"బాబాయ్, అలైన్‌మెంటు కాగితం తెచ్చాను, చూడు" అంటూ జేబులోంచి తీశాడు.

"కాగితం తర్వాత చూద్దాంలే. బండి తోలేదెవరు?"

డ్రైవరు ముందుకొచ్చాడు.

"ఎటు లాగుద్ది?"

"ఎడమకండీ. అన్ని బళ్లూ లాగుతాయి కదండీ, రోడ్డు వాటమే అటాయె."

"మరి నువ్వు స్టీరింగు ఎట్టా పట్టుకుంటన్నావు?"

"కొంచెం కుడికి బిగించి పట్టుకుంటానండీ. లేకపోతే నిలవదు."

"కొంచెం అంటే ఎంత?"

డ్రైవరు రెండు వేళ్లు కలిపి చూపించాడు. ఆ రెండు వేళ్ల వెడల్పే ఈ కథకు తాళంచెవి అని అప్పుడు నాకు తెలియదు. మేస్త్రి గారికి మాత్రం సగం తెలిసిపోయిందని ఇప్పుడు అనిపిస్తుంది. మన దేశంలో ఎడమవైపు నడుపుతాం. వాన నీళ్లు పోవడానికి రోడ్డును నడిమి నుంచి అంచులకు వాలుగా వేస్తారు. కాబట్టి ప్రతి బండీ కాస్త ఎడమకు ఒరగాలని చూస్తుంది, నిజమే. ఆ నిజం చాటునే అసలు జబ్బు ఏడు నెలలు దాక్కుంది.

ఓనరు ముందు టైర్ల కోసం వచ్చాడు. మేస్త్రి గారు వెనక నుంచి మొదలుపెట్టారు. ఎందుకని అడిగితే, ముందువి ఎటూ చూస్తాం కదా, బాగున్నాయనుకున్నవాటిని ముందు చూడాలి అన్నారు. పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలన్నది ఆయన నియమం. నడిచొచ్చిన టైరులో గాలి వేడెక్కి ఎక్కువ చూపిస్తుంది, ఆ అంకెను నమ్మి తగ్గిస్తే చల్లారాక తక్కువై కూర్చుంటుంది. అందుకే బండిని ముందు రోజు రాత్రే తెచ్చి పెట్టమన్నారట. వెనక జోడీల్లో బయటి టైరు అందరికీ కనబడుతుంది. లోపలి టైరు ఎవరికీ పట్టదు. ఆయన టార్చి నోట కరుచుకుని, చెయ్యి భుజందాకా లోపలికి దూర్చి, రెండు టైర్ల బటన్ లోతునూ గేజీతో కొలిచారు. జోడీలో ఒకటి చిన్నదైతే అది పెద్దదానితో పాటు తిరగలేక ఈడ్చుకుపోతుంది. నేను ఇంటికొచ్చి లెక్క వేశాను. మీటరుకు కాస్త ఎక్కువ ఎత్తుండే లారీ టైరు కిలోమీటరుకు 300 చుట్ల చిల్లర తిరుగుతుంది. రెంటికీ వ్యాసంలో 6 మిల్లీమీటర్ల తేడా ఉంటే చుట్టుకు దాదాపు 19 మిల్లీమీటర్లు, అంటే కిలోమీటరుకు ఐదున్నర మీటర్ల పైన తేడా వస్తుంది. ఒకే హబ్బుకు బిగించిన రెండు చక్రాలు కాబట్టి ఆ ఐదున్నర మీటర్లూ ఎక్కడో రాపిడిలో తీరాలి.

ఈ బండికి ఆ తేడా లేదు. వెనక టైర్ల మీద వేరే సంగతి ఉంది. చుట్టూ వేలు పోనిస్తే జానెడు దూరానికొక పల్లం తగులుతోంది. గుంటలు గుంటలుగా అరిగిన టైరు అంటే అది రోడ్డు మీద దొర్లలేదు, గెంతిందని అర్థం. నిండు లోడుకు తగ్గట్టు గట్టిపరిచిన కమాను, బండి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు వంగనే వంగదు. గతుకు మీద చక్రం పైకి లేచి ధడాలున పడుతుంది, పడ్డచోట రబ్బరు చెక్కుకుపోతుంది. పైగా లోడు కోసం నింపిన 120 పాయింట్ల గాలి ఖాళీ బండికి మరీ ఎక్కువ. టైరు నడుము ఉబ్బి నేలను మధ్య భాగంతోనే తాకుతుంది. అందుకే అంచులకన్నా నడిమి ఎక్కువ అరిగింది. "ఇది ఖాళీ ట్రిప్పుల అరుగుడు. లోడుది కాదు" అన్నారు. ఓనరు ముఖంలో ఆశ్చర్యం కనిపించింది. టైర్లు లోడు వల్లే పోతున్నాయని కదా అతను కమాన్లు పెంచింది.

తర్వాత ముందుకు వచ్చి, మొదట చెప్పిన ఆ చెయ్యి పరిచారు.

ఇక్కడ కాస్త నిలబడాలి, ఎందుకంటే ఈ పనిలోని అందమంతా ఈ నిమురుడులోనే ఉంది. టైరు తిన్నగా దొర్లకుండా కాస్త పక్కకు జారుతూ పోతే, బటన్ గట్లలో ప్రతిదాని ఒక అంచు గుండ్రంగా అరుగుతుంది, రెండో అంచు పదునుగా మిగులుతుంది. కంటికి కనబడకముందే అది అరచేతికి తెలుస్తుంది. బయటి నుంచి లోపలికి నిమిరితే నున్నగా, లోపలి నుంచి బయటికి తెస్తే గరుకుగా ఉంటే, చక్రాల ముందు అంచులు అవసరానికి మించి లోపలికి చూస్తున్నాయని అర్థం. తిరగేసి ఉంటే బయటికి చూస్తున్నాయి. ఈ జబ్బు ముందు చక్రాలు రెంటినీ కలిపే టై రాడ్డులో ఉంటే రెండు టైర్ల మీదా పొలుసు అద్దంలో బొమ్మలా ఎదురెదురుగా వాలుతుంది. రెండూ లోపలికైనా వాలాలి, రెండూ బయటికైనా వాలాలి.

మేస్త్రి గారి చెయ్యి ఎడమ టైరు మీద ఎడమ నుంచి కుడికి నున్నగా పోయింది. అంటే బయటి నుంచి లోపలికి. ఆయన బండి ముందునుంచి చుట్టి వెళ్లి కుడి టైరు మీద చెయ్యి వేశారు. అక్కడా ఎడమ నుంచి కుడికే నున్నగా పోయింది. అంటే లోపలి నుంచి బయటికి. "ఊఁ" అన్నారు. నన్ను కూడా నిమరమన్నారు. నా చేతికి రెండోసారి నిమిరితే గానీ తెలియలేదు. తెలిశాక మాత్రం ఒళ్లు జలదరించింది. రెండు టైర్లూ ఒకే దిక్కుకు వాలిన పొలుసుతో ఉన్నాయి. ఎడమ టైరు బయటి అంచు, కుడి టైరు లోపలి అంచు ఎక్కువ అరిగాయి. అంటే రెంటికీ ఎడమ అంచే. ముందు ఇరుసు మొత్తం ఎడమకు జారుతూ నడుస్తోంది. అది ఒక చక్రం తప్పు కాదు, రెండు చక్రాల మధ్య తప్పూ కాదు. వెనక నుంచి ఏదో బండి మూతిని ఎడమకు నెడుతోంది. డ్రైవరు పాపం రెండు వేళ్లంత కుడికి తిప్పి పట్టుకుని ఆ నెట్టుడును రోజంతా ముందు టైర్లతో ఆపుతున్నాడు.

అయినా ఆయన తీర్పు చెప్పేయలేదు. ఆ నిదానం నాకు బాగా నచ్చింది. ముందు ఇరుసును జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపారు. వదులు తగిలితే అది బేరింగుదా కింగ్ పిన్నుదా తెలియాలి. క్లీనరును ఎక్కించి బ్రేకు తొక్కించి మళ్లీ ఊపుతారు. బ్రేకు పడగానే వదులు మాయమైతే బేరింగు, మాయం కాకపోతే కింగ్ పిన్ను. ఈ బండికి వదులే లేదు, పిన్నులు కొత్తవి. పక్కలు పట్టి ఊపారు, టై రాడ్డు బిగువుగానే ఉంది. తర్వాత చక్రాన్ని తిప్పుతూ బటన్‌కు సుద్దముక్క ఆనించి తెల్ల పట్టీ వేశారు. కదలకుండా నిలబెట్టిన మేకుతో ఆ పట్టీ మీద సన్నని గీత గీశారు. రెండో చక్రానికీ అంతే. బండిని కిందికి దించి, నాలుగు అడుగులు ముందుకు తోలించి ఆపారు. జాకీ మీద నుంచి దిగిన చక్రాలు ముడుచుకుని ఉంటాయి, కాస్త దొర్లితే గానీ తమ చోటికి రావు. అప్పుడు గీత నుంచి గీతకు ముందువైపు ఒక కొలత, వెనకవైపు ఒక కొలత. వచ్చిన తేడా ఓనరు తెచ్చిన కాగితంలో ఉన్నదే. "వాళ్లు చేసిన పని సరిగ్గానే ఉంది" అని ఆయన ఓనరుతో గట్టిగా చెప్పారు. వాళ్లు చూడనిది వెనక భాగం, అంతే.

లారీ ముందు ఇరుసు ఒకే దుంప. టై రాడ్డు కూడా ఆ ఇరుసుతోనే పైకీ కిందికీ పోతుంది. అందువల్ల బండి లేపినంత మాత్రాన ఈ ముందు కొలత మారదు. ముందు చక్రాలు వేటికవి విడిగా ఆడే జీపుల్లో, పికప్పుల్లో అలా కాదు. వాటిని లేపగానే చక్రం నిలువు వాలు, ముందు చూపు రెండూ చెదురుతాయి. ఒకే దుంప ఉన్న బండికీ ఒక్కోసారి చిక్కు తప్పదు. టెక్సాస్‌లో ఉండే మా మేనల్లుడు తన జీప్ రాంగ్లర్‌ను రెండున్నర అంగుళాలు లేపించుకున్నాడు. దానికి ముందు ఇరుసు ఒకే దుంప గానీ కాయిల్ స్ప్రింగుల మీద ఉంటుంది, అది పక్కకు కదలకుండా ఛాసిస్ నుంచి ఇరుసుకు ఒక అడ్డరాడ్డు ఉంటుంది. బండి లేచేసరికి ఆ రాడ్డు ఏటవాలై ఇరుసును ఒక పక్కకు లాక్కుంది, స్టీరింగు చక్రం వంకరపోయింది. ఫోనులో అది విని మేస్త్రి గారు బండి చూడకుండానే "అడ్డరాడ్డు పొడవు సరిచేసుకోమనండి" అన్నారు. అక్కడి షాపువాళ్లు చేసిందీ అదే.

తర్వాత టేపు వెనక్కి వెళ్లింది. వెనక రెండు ఇరుసుల హబ్బుల నడిబొడ్డుల మధ్య దూరం, ముందు ఎడమవైపు, తర్వాత కుడివైపు. రెండూ సమానంగా ఉండాలి, మహా అయితే 3 మిల్లీమీటర్ల తేడా ఓర్చుకోవచ్చు. కుడివైపు 12 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. ఆయన నమ్మకుండా మళ్లీ కొలిచారు, టేపు రెండో కొస నన్ను పట్టుకోమని మూడోసారీ కొలిచారు. రెండు మీటర్ల వెడల్పు మీద 12 మిల్లీమీటర్లంటే ఏముందిలే అనిపిస్తుంది. ఆ వంకర ఇరుసు తన దారిన తాను పోగలిగితే కిలోమీటరుకు 6 మీటర్లు కుడికి పోతుంది. దాని ముందున్న ఇరుసు తిన్నగా పోదామంటుంది. ఈ పేచీలో బండి వెనక భాగం కుడికి, మూతి ఎడమకు తిరగబోతాయి. ఇక ఆపాల్సింది ముందు రెండు టైర్లే.

ఇరుసు ఎందుకు కదిలింది? ఈ రకం టిప్పర్లలో వెనక కమాను కొసలు ఇరుసుల మీద ఆని ఉంటాయంతే, ఇరుసును ముందుకూ వెనక్కూ పోకుండా పట్టేవి టార్క్ రాడ్లు. వాటి కొసల్లో రబ్బరు బుష్‌లు ఉంటాయి. బండి మూడు అంగుళాలు లేచాక ఆ రాడ్లన్నీ ఉండాల్సినదానికన్నా ఏటవాలుగా నిలబడ్డాయి, బుష్‌లు ఎప్పుడూ మెలిపడే ఉన్నాయి. మేస్త్రి గారు సన్నపాటి గడ్డపార కుడి రాడ్డు కొసలో దూర్చి మెల్లగా ఎత్తారు. రబ్బరు పొట్టు పొట్టుగా రాలింది, దానితో పాటు ఎర్రటి తుప్పు పొడి. ఓనరు కింద చతికిలబడి ఆ పొడిని వేలితో తీసి చాలాసేపు చూశాడు. మూడు జతల టైర్లు, రెండు అలైన్‌మెంట్లు, కింగ్ పిన్నులు, అన్నీ ఆ గుప్పెడు రబ్బరు దగ్గరే మొదలయ్యాయి.

ఇంకొకటి మిగిలింది. వెనక మాత్రమే లేపడం వల్ల బండి మొత్తం ముందుకు వంగింది. ఇరుసుల మధ్య నాలుగు మీటర్ల దూరం మీద 75 మిల్లీమీటర్లు లేస్తే ఒక డిగ్రీ పైచిలుకు. ముందు కింగ్ పిన్ను వెనక్కి వాలి ఉండటం వల్లే స్టీరింగు తనంతట తాను తిన్నగా నిలబడుతుంది. సైకిల్ ముందు ఫోర్కు చూస్తే ఇది అర్థమవుతుంది. లారీలో ఆ వాలు ఉండేదే కొద్ది డిగ్రీలు, అందులోంచి ఒకటి పోతే బండికి నిలకడ తగ్గుతుంది. డ్రైవరు చెప్పిన "లేకపోతే నిలవదు" అన్న మాటలో వెనక ఇరుసు నెట్టుడుతో పాటు ఇదీ ఉంది. ఒక మాటలో రెండు జబ్బులు కలిసి వినిపిస్తే విడదీసి పట్టుకోవడం ఎంత కష్టమో వైద్యులకు తెలుసు.

మేస్త్రి గారు చెప్పిన వైద్యంలో మొదటిది ఓనరుకు రుచించలేదు. వేసిన పట్టీలు తీసేసి బండిని కంపెనీ ఎత్తుకు దించమన్నారు. ముందు కమాను కింద ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా ఉండే వెడ్జి పట్టీ పెట్టి పోయిన వాలును తెచ్చుకోవచ్చు కదా అని కుర్రవాడు అడిగాడు. ఎక్కడో విన్నాడు. "పెట్టొచ్చు. మరి టార్క్ రాడ్లకేం పెడతావు? ఖాళీ ట్రిప్పులో గెంతుడుకేం పెడతావు?" అన్నారు ఆయన. గొంతు పెంచలేదు. ర్యాంపు మీద తగిలేది అసలేమిటో చూద్దాం రమ్మని అతన్ని కిందికి తీసుకెళ్లారు. తగులుతున్నది ఎవరో తర్వాత బిగించిన మడ్‌గార్డు బ్రాకెట్టు. దాన్ని నాలుగు అంగుళాలు పైకి మార్చొచ్చు. లోడుకు కుంగడం సంగతి తేల్చడానికి కమాన్ పట్టీలు ఒక్కొక్కటీ సుత్తితో తట్టారు. ఒకటి చప్పగా మోగింది. పాత పట్టీయే, మధ్యలో చీలిక. మొదట్లో కుంగుడుకు కారణం అదే అయ్యుండాలి. విరిగిన ఒక్క పట్టీ మారిస్తే సరిపోయేదానికి బండి ఎత్తే మార్చేశారు.

ఓనరు కాసేపు దూరంగా నిలబడి ఫోను మాట్లాడి వచ్చాడు. "నువ్వన్నట్టే కానీ బాబాయ్" అన్నాడు.

కమాన్ల పని విజయవాడ ఆటోనగర్‌లో జరిగింది. టార్క్ రాడ్ల బుష్‌లు రెండువైపులా మార్చారు. కుడిది మాత్రమే చిరిగినా రెండూ మార్చాల్సిందేనని మేస్త్రి గారు పట్టుబట్టారు. ఒకటి కొత్తగా బిగువుగా, ఒకటి పాతగా మెత్తగా ఉంటే లోడు పడినప్పుడు ఇరుసు మళ్లీ వంకరపోతుంది. ముందు టైర్లలో ఒకదాని ఎడమ అంచు తీగలు కనబడేదాకా పోయింది, అది రీబటన్‌కు కూడా పనికిరాదు. చట్టం 1.6 మిల్లీమీటర్ల బటన్ చాలంటుంది. అయితే ఎక్కువ అరిగినచోటే ఆ కొలత చూడాలి, నడిమిలో ఎంత మిగిలినా లెక్కలోకి రాదు. రెండోదాన్ని రిమ్ము మీద తిరగేసి వెనక లోపలి చక్రంగా వేయించారు. టైరు వృథాగా పోవడం ఆయనకు గిట్టదు. తన సొంత టైరు పోయినంత బాధపడతారు.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం ఆ టిప్పరు మళ్లీ వచ్చింది. పిలవకుండానే వచ్చింది, కంకర దించేసి ఖాళీగా. మేస్త్రి గారు చేతులు తుడుచుకుని లేచారు. హబ్బు నుంచి హబ్బుకు ఒకసారి ఎడమ, ఒకసారి కుడి కొలిచారు. రెండూ ఒకటే. ముందు ఎడమ టైరు మీద చెయ్యి ఇటూ అటూ పోనిచ్చారు, కుడి టైరు మీద ఇటూ అటూ. కొత్త రబ్బరు ఎటు నిమిరినా ఒకేలా ఉందని నా చేతికీ తెలిసింది. స్టీరింగు ఎలా పట్టుకుంటున్నావని డ్రైవరును అడిగితే, అతను అరచెయ్యి తెరిచి ఊరికే చక్రం మీద ఆనించి చూపించాడు. ఆయన తలూపి వెనక్కి నడిచారు. ఎడమ జోడీ దగ్గర వంగి, టార్చి వేసి, లోపలి టైరు వైపు చెయ్యి దూర్చారు.

"వాల్వు మూత ఏదీ, నాయనా?"